కోచ్ కుర్చీ కింద నిమ్మకాయ

కువైట్‌లో ఏం పని చేసేవాడివని ఎవరైనా అడిగితే, బాస్కెట్‌బాల్ కోర్టు తుడిచేవాణ్ణని చెబుతాను. అడిగినవాళ్ళు, అది కాక ఇంకేం చేసేవాడివి అంటారు. అది కాక ఇంకేమీ లేదు. ఉద్యోగంలో నా చివరి సంవత్సరాలన్నీ ఆ చెక్క నేల మీదే గడిచాయి. మీలో చాలామంది రేపోమాపో విమానం ఎక్కేవాళ్ళే కాబట్టి పని గురించి కొంచెం, మనుషుల గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదట నేను ఖాదిం వీసా మీద, అంటే ఇంటిపనివాళ్ళకిచ్చే వీసా మీద, ఒక ఇంట్లో వంట చేశాను. నాకొచ్చిన అరబ్బీ అంతా ఆ ఇంటి మామా తిడుతూ నేర్పిందే. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆవిడే దయతలచి నా ఇఖామాను, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితాన్ని, ఒక క్లీనింగ్ కంపెనీకి మార్చుకోనిచ్చింది. ఆ కంపెనీ నన్ను అర్దియా దాటాక ఉన్న ఒక ప్రైవేటు కాలేజీకి, అక్కడి ఆటల హాలుకి పంపింది. పని చూడ్డానికి తేలిక. నేల మీద ఒక చెమట చుక్క మిగిలినా ఆడేవాడి కాలు జారుతుంది, మోకాలు పోతుంది. అందుకని ఆట ఆగిన ప్రతిసారీ పరిగెత్తుకెళ్ళి తుడిచి రావాలి. బయట తిరిగిన బూట్లతో ఎవరైనా కోర్టు మీద అడుగు పెడితే నాకు ఒళ్ళు మండేది. ఆ విషయంలో పెద్దా చిన్నా చూసేవాణ్ణి కాదు.

ఆ కాలేజీ జట్టుకి అభిమానులు చాలామందే ఉండేవారు. కింది వరసల్లో విద్యార్థులు, పై వరసల్లో మాబోటివాళ్ళు. కాంటీన్‌లో చేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు, ఈజిప్టు వాచ్‌మన్లు, నేపాల్ క్లీనర్లు, బస్సు డ్రైవర్లు, డ్యూటీ దిగగానే పైకి వచ్చి కూర్చునేవారు. విద్యార్థులు గొంతుతో అరిస్తే వీళ్ళు టిఫిన్ డబ్బాలు వాయించేవారు. ఇద్దరికీ ఇష్టమైన మనిషి మాత్రం ఒక్కడే, అసిస్టెంటు కోచ్.

ఆయన ఫిలిప్పీన్స్ మనిషి. పొట్టిగా, ఎప్పుడూ మెడలో విజిల్‌తో ఉండేవాడు. జట్టు ఓడితే పిల్లలను ఇంటికి పంపేముందు నవ్వించి పంపేవాడు. లెబనాన్ నుంచి వచ్చిన పాత కోచ్ వయసు మీద పడి ఊరికి వెళ్ళిపోయినప్పుడు, ఆ కుర్చీ ఇక ఈయనదేనని అందరం అనుకున్నాం. ఆయనకి అది పేరు కోసం కాదు. అక్కడ పెళ్ళాం బిడ్డల్ని తెచ్చుకోవాలంటే జీతం ఒక గీత దాటాలి. అసిస్టెంటు జీతం దాటదు, కోచ్ జీతం దాటుతుంది. కూతురు పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్లను ఆయన సెలవుల్లోనూ ఫోన్లోనూ చూసిందే తప్ప, ఒక ఏడాది పొడవునా కలిసి ఉన్నది లేదు. అద్దె ఇల్లు కూడా చూసి పెట్టుకున్నాడని కాంటీన్‌లో చెప్పుకునేవారు.

కాలేజీవాళ్ళు మాత్రం యూరప్ నుంచి కొత్త కోచ్‌ని తెచ్చారు.

అప్పుడు చూడాలి అభిమానం అంటే ఏమిటో. ఆ మనిషి ఇంకా విమానం దిగలేదు, విద్యార్థుల ఫోన్ గ్రూపుల్లో ఆయన ఫొటో మీద అడ్డంగా ‘ఖలాస్’ అని రాసి తిప్పడం మొదలైంది. ఆ మాట మాబోటివాళ్ళకు వేరేలా వినిపిస్తుంది. నీ పని అయిపోయింది, పెట్టె సర్దుకో అని చెప్పేటప్పుడు సూపర్‌వైజరు అనే మాట అది. పని మొదలుపెట్టకముందే ఆ మాట అనిపించుకున్నవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. అసిస్టెంటు పేరు పెద్దక్షరాల్లో రాసిన అట్టలు తయారయ్యాయి. కాంటీన్ ఆడవాళ్ళ నిరసన వాళ్ళ పద్ధతిలో సాగింది. కొత్త కోచ్ చాయ్ అడిగితే గిన్నె అడుగున మిగిలింది, చక్కెర లేకుండా ఇచ్చేవారు. ఆయన థాంక్యూ చెప్పి తాగేవాడు. అలా తాగడం వాళ్ళకి ఇంకా కోపం తెప్పించేది.

నా మట్టుకు నాకు ఆయన మీద ప్రేమా లేదు, పగా లేదు. మొదటి రోజు హాలు గుమ్మంలో ఆగి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. అది చాలనుకున్నాను.

ఆయనంటే నిజంగా ఇష్టపడింది ఒకే ఒక్క మనిషి. జట్టు బస్సు నడిపే డ్రైవరు. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. ఖైతాన్‌లో నేనూ అతనూ ఇంకొందరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను రాయచోటి వైపు మనిషిని. నా మాటలు అతనికీ అతని మాటలు నాకూ మొదట్లో సగమే అర్థమయ్యేవి. తర్వాత్తర్వాత ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకోవడానికి సరిపడా నేర్చుకున్నాం.

“అన్నా, గా కొత్తాయన బస్సెక్కంగనే ముందుగాల నాకు సలాం చెప్తడు,” అన్నాడొకరోజు కూరగాయలు తరుగుతూ. “పక్క సీట్ల కూసుంటడు. ఫోన్ల ఫొటోలు సూపెట్టుకుంట, సైగలు చేసుకుంట ఇంటికాడ ఎవరెవరున్నరని అడుగుతడు. గంత మంచోణ్ణి పట్టుకొని ఒక్కడన్న మంచి మాట అంటలేడు. ఇన్ని కండ్లు ఒక్కని మీద పడ్డంక మనిషి నిలవడ్తడా?”

“ఆయన కోచ్ అబ్బీ. కండ్లు పడేదానికే జీతం ఇస్తాండారు,” అన్నాను నేను.

“నువ్వు గట్లనే అంటవు. నీకు నేల తప్ప ఏం కనవడది.”

అది నిజమే.

సొంత హాలులో కొత్త కోచ్‌కి మొదటి మ్యాచ్ వచ్చింది. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక మొదలు. హాలు అంతగా నిండడం అంతకుముందు నేను చూడలేదు. కోచ్ బయటికి రాగానే విద్యార్థులు అట్టలు పైకెత్తి అసిస్టెంటు పేరు అరిచారు. పాపం ఆ అసిస్టెంటు ఆపండి ఆపండని చేతులూపుతుంటే, వాళ్ళు దాన్ని దండం అనుకుని ఇంకా గట్టిగా అరిచారు. పై వరసల్లో మావాళ్ళు డబ్బాలు తెచ్చుకున్నారు గానీ వాయించకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పిల్లల కాళ్ళు తడబడ్డాయి. సగం ఆట అయ్యేసరికి మా జట్టు చిత్తుగా వెనకబడి ఉంది.

విరామంలో నేను బెంచీల ముందు తుడుస్తున్నాను. ఒక కుర్రాడు వెనక వరసలోంచి వంగి, కోచ్ కుర్చీ కిందికి ఫోన్ పెట్టి ఏదో ఫొటో తీశాడు. నేను పట్టించుకోలేదు. తుడవడం పూర్తయ్యేలోపు ఆ ఫొటో హాలంతా తిరిగింది. అందరూ ఫోన్ల లోకి, ఆ తర్వాత కోచ్ కుర్చీ వైపు చూస్తున్నారు. ఒక వాచ్‌మన్ దిగివచ్చి నాకూ చూపించాడు.

కుర్చీ అడుగున టేపుతో అంటించిన నల్లదారం. దారానికి ముడులు. ముడుల మధ్య ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు, చివర బొగ్గుముక్క.

మన దగ్గర ఏ కిరాణా కొట్టు గుమ్మం చూసినా కనబడేదే. అక్కడ అలా కాదు. ముడులు వేసిన దారం ఒక మనిషి కూర్చునే చోట దాచి ఉందంటే వాళ్ళకు అర్థమయ్యేది ఒకటే. సిహ్ర్. చేతబడి. అది వాళ్ళకు వేళాకోళం కాదు. పోలీసుల దాకా వెళ్ళే నేరం. చేసినవాడు విదేశీయుడైతే వేలిముద్రలు తీసుకుని, మళ్ళీ ఆ దేశంలో కాలు పెట్టకుండా పంపేస్తారు.

అభిమానులు ఒక్క విరామంలో మారిపోయారు. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి, అంతదాకా ఖలాస్ అన్న నోళ్ళే “మన కోచ్‌కి చేతబడి చేశారు” అంటున్నాయి. మన కోచ్ అనడం అదే మొదటిసారి. ఓడిపోవడానికి కారణం దొరికింది. ఇక కారకుడు కావాలి. ఆ కుర్చీ దక్కనిది ఎవరికి? కోచ్ బెంచీ దగ్గరికి రోజూ వెళ్ళేది ఎవరు? ఎవరూ పేరు పెట్టి అనలేదు. అట్టలు మాత్రం కిందికి దిగాయి. మ్యాచ్ అయ్యాక అసిస్టెంటు తల దించుకుని బయటికి వెళుతుంటే వెనక నుంచి కూతలు వేశారు. ఆ అట్టలన్నీ కుర్చీల కింద పడి ఉంటే ఏరింది నేనే. ఆయన పేరు మీద బూట్ల అచ్చులున్నాయి.

నాకు ఫొటో చూడగానే తెలిసిపోయింది. బస్సులో స్టీరింగ్ కింద, బయటికి కనబడకుండా, అచ్చం అలాంటిదే ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది.

నేను గదికి చేరేసరికి డ్రైవరు పొయ్యి దగ్గర ఉన్నాడు. పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపి వచ్చేశాడు, వాళ్ళ మాటలు అర్థం కాక అతనికి సంగతి తెలియదు. ఫోన్ ముఖం ముందు పెట్టాను.

“ఇది నీ పనే గదా?”

“ఔ అన్నా,” అన్నాడు సంబరంగా. “మొన్న హాలు తుడిచినంక నువ్వు చాయ్‌కి పోయినవ్ సూడు, గప్పుడు కట్టిన. ఎట్ల దొరికింది?”

“ఎట్ల దొరికిందా! చేతబడి అంటాండారు సామీ.”

గరిటె ఆగిపోయింది. “చేతబడా? గది దిష్టికి కట్టింది గదనే! మనిషికి మంచి గావాలని కడ్తే...”

“అది నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళకేం తెలుసు? ఆ అసిస్టెంటే చేసినాడని అంటాండారు. రేపట్నుంచి పనికి రావద్దని చెప్పినారంట. విచారణ అయ్యేదాకా ఇంట్లోనే ఉండల్లంట.”

అతను పొయ్యి కట్టేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూర సగం ఉడికి అలాగే ఉంది. నిజం చెబితే ఇతను పోతాడు. చెప్పకపోతే ఆ అసిస్టెంటు పోతాడు. నన్ను సలహా అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు ఈ రోజుకీ తెలియదు. అదృష్టం బాగుండి అడగలేదు.

“రేపు పెద్దసారు కాడికి పోదాం,” అన్నాడు కాసేపటికి. “కుడికి యమీన్, ఎడమకు యసార్, సీదా, గివి తప్ప నాకు అరబ్బీ రాదు. నువ్వు చెప్పాలె.”

“నిన్ను ఊరికి తోల్తారు అబ్బీ. మళ్ళీ రాలేవు.”

“ఇద్దర్ల ఒకరు పోవుడైతే, కట్టినోడే పోవాలె గద అన్నా.”

పొద్దున్నే వెళ్ళాం. క్రీడల డైరెక్టరు కువైటీ, మా వయసువాడే. కొత్త కోచ్ అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. విచారణకి పిలిపించిన అసిస్టెంటు గోడ పక్కన నిలబడి ఉన్నాడు, మెడలో విజిల్ లేదు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ సంచిలో ఆ నిమ్మకాయ దండ. ఎవరూ దాని దగ్గరికి కుర్చీ జరుపుకోలేదు.

నాది వంటింటి అరబ్బీ. ఉల్లిపాయలకీ మాంసానికీ సరిపోతుంది గానీ ఇలాంటి పనికి సరిపోదు. అప్పుడు నేను వంట చేసిన ఇంటి మామా గుర్తొచ్చింది. చుట్టాలు వచ్చి చిన్నపిల్లవాడు ఎంత బాగున్నాడో అని వెళ్ళగానే, ఆవిడ తలుపు వేసి సాంబ్రాణి పొగ పట్టేది, ఏవో చదివి పిల్లవాడి మీద ఊదేది. ఎందుకు మామా అంటే, హసద్ అనేది. అసూయ కన్ను అన్నమాట.

“సార్, ఇది సిహ్ర్ కాదు,” అన్నాను. “హసద్‌కి. మా ఊళ్ళలో బండికి, దుకాణానికి కడతారు. పుల్లదీ కారందీ ముందు పెడితే చెడ్డ కన్ను అక్కడే ఆగిపోతుందని. కట్టింది ఇతను. అసిస్టెంటుకి దీంతో ఏ సంబంధం లేదు.”

డైరెక్టరు డ్రైవరు వైపు తిరిగాడు. “ఈ కోచ్ నీకేమవుతాడు? ఇతనికెందుకు కట్టావు?”

నేను తెలుగులో చెప్పాను. డ్రైవరు చేతులు కట్టుకుని, నేల చూస్తూ జవాబిచ్చాడు.

“ఏం గాడు సార్. అందరు ఒద్దంటున్నరు గద, గందుకే కట్టిన.”

ఆ మాటను నేను అరబ్బీలో చెప్పాను. డైరెక్టరు దాన్ని ఇంగ్లీషులో కోచ్‌కి చెప్పాడు. కోచ్ చెయ్యి చాచి సంచి విప్పి, దండను బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వాడిపోయిన మిరపకాయను వాసన చూసి తుమ్మాడు. అప్పుడు మొదటిసారి అసిస్టెంటు ముఖంలో నవ్వు కనబడింది.

నేను వచ్చిన దగ్గర్నుంచి ఈ కాలేజీలో నా మంచి కోరి ఎవరైనా ఏదైనా చేశారంటే ఇదొక్కటే, అన్నాడట కోచ్. ఇంగ్లీషు నాకంత రాదు, తర్వాత అసిస్టెంటు చెప్పాడు.

డైరెక్టరు మంచివాడు, అయినా ఆయన నమ్మకం ఆయనది. నిమ్మకాయ కన్నును ఆపదు, ఆపేవాడు పైవాడొక్కడే అని మెల్లగా మందలించాడు. కత్తెర తెప్పించి, ఏదో చదువుకుంటూ ముడులన్నీ తనే కత్తిరించాడు. కాలేజీ గేటు లోపల ఇక ఎప్పుడూ ఇలాంటిది కట్టనని డ్రైవరు చేత మాట తీసుకున్నాడు. పోలీసుల మాట ఎత్తలేదు. పిల్లల బస్సు మాత్రం ఇక నడపొద్దని, అతన్ని సులైబియాలో కాలేజీ సామాన్ల గోదాము బండికి మార్చాడు. అసిస్టెంటు ఆ సాయంత్రమే పనిలోకి వచ్చాడు. గొడవ ముగిసిందని నోటీసు పెట్టారు గానీ, డ్రైవరుకు హాని జరుగుతుందని కారణం రాయలేదు. కారణం లేకపోయేసరికి అభిమానులు ఎవరికి నచ్చింది వాళ్ళు కల్పించుకున్నారు. అసిస్టెంటును క్షమించమని అడిగినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. కొందరైతే ఆయన కోచ్ కాళ్ళు పట్టుకుని బయటపడ్డాడని కూడా అన్నారు.

ఆ సీజను గొప్పగా లేదు, చెత్తగానూ లేదు. కోచ్ చాయ్‌లోకి చక్కెర వచ్చింది. ఎండలు ముదిరాక ఆయన తన దేశంలో ఏదో ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు సులైబియా వెళ్ళి డ్రైవరును కలిశాడని తర్వాత తెలిసింది. వెళుతూ డైరెక్టరుకు ఒక మాట చెప్పి వెళ్ళాడట. ఈసారి కుర్చీ అసిస్టెంటుకే ఇచ్చారు.

ఏడాది కింద ఆయన పేరు అట్టల మీద రాసుకుని ఊగినవాళ్ళు సంబరపడతారని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. అదే గ్రూపుల్లో మళ్ళీ అదే గోల. కాలేజీకి బయటి నుంచి పెద్ద కోచ్‌ని తెచ్చే స్తోమత లేదా, ఇంట్లో ఉన్నవాణ్ణే కూర్చోబెడతారా అని. ఆ నల్లదారం ఫొటో మళ్ళీ తిరిగింది. దాంతోనే యూరప్ కోచ్‌ని వెళ్ళగొట్టి కుర్చీ ఎక్కాడన్నారు. ఖలాస్ అన్న మాట ఈసారి ఆయన ముఖం మీదికి వచ్చింది.

అప్పటికి ఆయన భార్యా కూతురూ వచ్చేశారు. చూసి పెట్టుకున్న ఇల్లు ఎప్పుడో పోయింది, వేరేది దొరికింది. కొత్త సీజన్లో మొదటి మ్యాచ్‌కి ముందు రోజు ఆయన హాలులోకి వచ్చి, బూట్లు విప్పి, నేను తుడుస్తున్న చోటికి నడిచాడు. రేపు నా కూతురు మొదటిసారి నా ఆట చూడ్డానికి వస్తోంది, వీళ్ళు అరిచేది దానికి అర్థమవుతుంది, అన్నాడు. కాసేపు విజిల్‌తో ఆడుకుని, నీ స్నేహితుణ్ణి పిలుస్తావా, నా కుర్చీకి కూడా ఒకటి కట్టమంటావా అని అడిగాడు.

ఏ దండ వల్ల కూడు పోయే పరిస్థితి వచ్చిందో ఆ దండనే అడుగుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. సరే అని ఫోన్ చేశాను.

“సారుకు మాటిచ్చిన అన్నా. గేటు లోపట కట్ట,” అన్నాడు డ్రైవరు అవతల నుంచి.

“మరి ఏం చెప్పమంటావు ఆయనకి?”

“వస్తా అని చెప్పు.”

మర్నాడు వచ్చాడు. ఎక్కడ కొన్నాడో గానీ, నిమ్మకాయ రంగు చొక్కా. హాలు అవతలి చివర నుంచి కూడా కళ్ళలో గుచ్చుకునే రంగు. పై వరసల్లో మావాళ్ళతో కూర్చోకుండా నేరుగా కిందికి వచ్చి, కోచ్ కుర్చీ వెనకే ఉన్న మొదటి వరసలో, కోచ్ భార్యా కూతురూ పక్కన కూర్చున్నాడు. నేను తుడుపు కర్రతో దగ్గరికి వెళ్ళాను.

“ఏంది అబ్బీ ఈ వేషం?”

“కొత్తిల్లు కట్టేటప్పుడు దిష్టిబొమ్మ పెడ్తరు గదనే,” అన్నాడు నెమ్మదిగా. “బొమ్మ కడ్త అంటే సారు ఒద్దన్నడు. మనిషి కూసుంటే ఒద్దనలే గద.”

ఆట మొదలైంది. మా జట్టు వేసిన మొదటి బంతి బుట్టలో పడలేదు. వెనక నుంచి కోచ్ మీద మొదటి కూత లేవబోయేసరికి, డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఊరికే కాదు, రెండు చేతులూ పైకెత్తి, జనం వైపు తిరిగి, వెనకున్న నాలుగు వరసలకు కోర్టు కనబడకుండా నిలబడ్డాడు. కూర్చోమని అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో అరిచారు. తిట్టారు. కాగితం ఉండలు విసిరారు. కూర్చునేవాడు, కూత మొదలవగానే మళ్ళీ లేచేవాడు. సగం ఆట అయ్యేసరికి హాలులో ఎవరికీ కోచ్ గుర్తులేడు. అందరి కోపం పచ్చచొక్కా మీదే. ఆ చిన్నపిల్ల అతను లేచినప్పుడల్లా తనూ లేచి చేతులెత్తుతూ, పడీపడీ నవ్వుతోంది.

ఆ రోజు మేం ఓడిపోయాం. ఆట ముగిశాక నేను నేల తుడుస్తుంటే, కోచ్ కూతుర్ని భుజాన ఎత్తుకుని నా ముందు నుంచే వెళ్ళాడు. డ్రైవరు కాగితం ఉండలన్నీ చొక్కా ఒడిలోకి ఏరుకుని, చెత్తబుట్టలో వేసి, సులైబియా బస్సుకు వేళైందని పరిగెత్తాడు.